బోణీ వేళ గల్లా దగ్గర ఎవరు కూర్చోవాలి: ఒక కర్నూలు వ్యాపారికి సమాధానం

ప్రశ్న: కర్నూలులో కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో మాది మూడంతస్తుల బట్టల దుకాణం. 28 మంది పనిచేస్తున్నారు. పోలియో వల్ల ఊతకర్రతో నడిచే ముప్పై ఏళ్ల అతన్ని గల్లా దగ్గర, చెవులు వినిపించని ఒక అమ్మాయిని చీరల విభాగంలో పెట్టుకోవాలని నా ఆలోచన. మా నాన్నగారు మాత్రం "పుణ్యం చేయాలంటే మూడు చక్రాల బండ్లు పంచుదాం, పొద్దున్నే బోణీ టైంలో ఎదురుగా కూర్చోబెడితే ఎట్లప్పా" అంటున్నారు. ఈ విషయంలో చట్టం మమ్మల్ని ఏం చేయమంటుంది? మా వంటి వ్యాపారుల వల్ల ఊళ్లో వికలాంగుల పట్ల ఉన్న చిన్నచూపు నిజంగా తగ్గుతుందా?

సమాధానం:

చట్టం గురించి మీరు అడిగినది తేలికైన భాగం, దానికి తర్వాత వస్తాను. ముందు మీ నాన్నగారి మాటకు సమాధానం చెప్పాలి. ఇరవై రెండేళ్లుగా అనంతపురం, రాయదుర్గం, ఆదోని, ప్రొద్దుటూరు ప్రాంతాలలో మొదట బట్టల తయారీ యూనిట్లలో సిబ్బంది వ్యవహారాలు చూస్తూ, తర్వాత వైకల్యం ఉన్నవారిని ఉద్యోగాలలో కుదిర్చే పని చేస్తూ నేను విన్న అభ్యంతరాలలో సగానికి అడుగున ఉన్నది ఈ బోణీ భయమే. చాలామంది యజమానులు దాన్ని పైకి చెప్పరు. "పని ఎక్కువ, పాపం అతను చేయలేడు" అనో, "మా దగ్గర మెట్లు ఎక్కువ" అనో, "వచ్చే కస్టమర్లు ఇబ్బంది పడతారు" అనో అంటారు. మీ నాన్నగారు ఉన్నమాట అన్నారు. ఉన్నమాట అనే పెద్దవారితో మాట్లాడటం నాకు ఎప్పుడూ సులభంగానే ఉంది.

సుమారు పదిహేనేళ్ల కిందట అనంతపురంలో ఒక స్టీలు సామాన్ల దుకాణంలో, పోలియో వల్ల కుడికాలు సన్నబడిన ఒక యువకుణ్ని లెక్కలు రాసే పనికి కుదిర్చాను. బి.కాం. చదివాడు, చేతిరాత ముత్యాల్లా ఉండేది. యజమాని ఒప్పుకున్నారు కానీ ఉదయం 11 గంటల తర్వాతే రావాలని ఒక షరతు పెట్టారు. కారణం అడిగితే "ఏం లేదప్పా, పొద్దున్న పని ఉండదు కదా" అన్నారు. మిగిలిన పనివాళ్లంతా తొమ్మిదిన్నరకే వచ్చేవారు. గంటన్నర తక్కువ పనిచేస్తున్నాడని ఇతని జీతంలో కోత కూడా పడేది. బోణీ అయ్యాక వచ్చే గుమాస్తా ఇతనేనని చుట్టుపక్కల అంగళ్లవాళ్లకు అర్థం కావడానికి వారం పట్టలేదు. పల్లె నుంచి వచ్చే బస్సు అతన్ని తొమ్మిదికే దించేదనీ, 11 అయ్యేవరకు బస్టాండు బెంచీ మీద కూర్చుని కాలం గడిపేవాడనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఉద్యోగం ఇప్పించానన్న తృప్తిలో ఆ షరతుకు అప్పుడు తలూపాను. ఈరోజైతే ఊపను.

ఆ ఏడాది దసరా రద్దీలో పాత గుమాస్తా జ్వరంతో రాలేదు. యజమానే ఫోను చేసి ఇతన్ని పెందలాడే రమ్మన్నారు. ఆ పది రోజులూ గల్లా తెరిచింది ఇతనే. పండుగ వెళ్లాక మళ్లీ 11 గంటలకు రమ్మని ఆయన చెప్పలేదు, ఇతనూ అడగలేదు. శకునాల గురించి నేను ఆ యజమానితో ఎన్నడూ వాదించలేదు, వాదించి ఉంటే ఆయన పట్టు వదిలేవారనీ అనుకోను. రోజూ లెక్క అప్పజెప్పే మనిషి ముఖంలో శకునం వెతకడం ఎవరికైనా కష్టమే.

వ్యాపారుల వల్ల చిన్నచూపు తగ్గుతుందా అన్న మీ ప్రశ్నకు నా సమాధానం ఇందులోనే ఉంది. మన ఊళ్లలో వైకల్యం ఉన్న మనిషిని జనం ఎక్కడెక్కడ చూస్తారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గుడి మెట్ల దగ్గర చూస్తారు, బస్టాండులో చూస్తారు, ఆసుపత్రిలో వైకల్య ధ్రువపత్రాల కోసం పెట్టే సదరం శిబిరం వరుసలో చూస్తారు, ఒకటో తారీఖున పింఛను అందుకుంటుండగా చూస్తారు, డిసెంబరు 3న వికలాంగుల దినోత్సవ వేదిక మీద శాలువా కప్పించుకుంటుండగా చూస్తారు. అన్నిచోట్లా అతను తీసుకునేవాడే. గల్లా దగ్గర కూర్చున్నవాడు మాత్రం చిల్లర లెక్కపెట్టి ఇస్తాడు, రసీదు రాస్తాడు, చిరిగిన నోటు అంటగట్టబోతే వెనక్కి తోస్తాడు, "ఇంతకన్నా తగ్గదమ్మా" అని తెగేసి చెబుతాడు. కొనవచ్చినవారు అతనితో బేరమాడతారు, ఒక్కొక్కసారి గట్టిగా కసురుకుంటారు కూడా, అలా కసురుకున్న సమయంలో జాలి అనేది వారి మనసులో ఉండదు. ప్రభుత్వం పింఛను ఇవ్వగలదు, తన ఉద్యోగాలలో రిజర్వేషను ఇవ్వగలదు. ఈ సరిసమానమైన లావాదేవీని వీధిలో ప్రతిరోజూ నడపగలిగినది మాత్రం మీ వంటి అంగళ్లే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్ల మంది, అంటే జనాభాలో 2.21 శాతం. 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడత ప్రకారం, వారిలో 15 ఏళ్లు దాటిన ప్రతి నూరుమందిలో పనిచేస్తున్నవారిని, పని వెతుక్కుంటున్నవారిని కలిపినా 24 మందికి మించలేదు. మిగిలినవారు పని వెతకడం కూడా లేదన్నమాట. మన ప్రాంతంలో ఈ సమస్యకు కొన్ని సొంత కారణాలున్నాయి. పోలియో చుక్కలు ఇంటింటికీ చేరకముందు పుట్టిన తరం ఒకటి ఇప్పుడు నడివయసులో ఉంది. అనంతపురం జిల్లాలో బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఎందరి ఎముకలనో వంచేసింది. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండలు కోసే, పాలిష్ పట్టే యంత్రాల దగ్గర వేళ్లు పోగొట్టుకున్నవారిని మీరూ చూసే ఉంటారు. వ్యాపారం ఆ వేళ్లను తీసుకుంది కాబట్టి, మిగిలిన వేళ్లతో చేయగల పనిని చూపవలసిన బాధ్యత కూడా వ్యాపారానిదేనని నేను ఆ యూనిట్ల యజమానులతో మొహమాటం లేకుండానే అంటుంటాను.

మూడు చక్రాల బండ్ల పంపిణీని నేను తప్పుపట్టను. బండి లేనివాడికి బండి కావాలి. కానీ బండి ఇచ్చిన దుకాణం గుమ్మంలోకే ఆ బండి రాలేకపోతే, ఆ దానాన్ని ఏమనాలి? పెద్ద కంపెనీలలోనూ ఇదే తంతు కనిపిస్తుంది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను కింద, 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. సొంత ఉద్యోగుల మేలు కోసమే చేసిన ఖర్చు ఆ లెక్కలోకి రాదు. అందువల్ల ఒక కంపెనీ ఏటా వందల బండ్లు పంచి పత్రికలలో ఫొటోలు వేయించుకుంటూ, తన ఫ్యాక్టరీలో ఒక్క వికలాంగుణ్ని కూడా పెట్టుకోకుండా కాలం గడిపే వీలుంది. మీది ఆ పరిమితులకు చాలా కింద ఉన్న దుకాణం కాబట్టి ఆ బాధ్యత మీకు లేదు. మీ దగ్గర ఉన్నవి రెండు ఉద్యోగాలు, నా దృష్టిలో వాటి విలువ ఇరవై బండ్లకు మించినది.

ఇప్పుడు చట్టం. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. 1995 నాటి పాత చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించగా, ఇది 21 రకాలను గుర్తించింది. యాసిడ్ దాడి బాధితులు, మరుగుజ్జుతనం ఉన్నవారు, కుష్ఠు నుంచి కోలుకున్నవారు, తలసీమియా, హీమోఫీలియా ఉన్నవారు, మానసిక అనారోగ్యం ఉన్నవారు అందులో ఉన్నారు. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉంటే రిజర్వేషన్ల వంటివి వర్తిస్తాయి. ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషను తప్పనిసరి. ప్రైవేటు సంస్థలకు అటువంటి కోటా లేదు. సిబ్బందిలో కనీసం 5 శాతం మంది వికలాంగులు ఉండేలా ప్రైవేటు యజమానులను ప్రోత్సాహకాలతో ముందుకు నడిపించాలని 35వ సెక్షను ప్రభుత్వాలకు చెబుతుంది, అంతవరకే. మీ 28 మందిలో ఇద్దరంటే ఆ 5 శాతాన్ని దాటినట్లే.

అయితే కోటా లేదు గనుక మనకేమీ పట్టదనుకోవడం పొరపాటు. 21వ సెక్షను ప్రకారం ప్రతి సంస్థా, ప్రైవేటుదైనా సరే, సమాన అవకాశాల విధానాన్ని రాసుకుని ప్రకటించి, దాని ప్రతిని వికలాంగుల కమిషనరు వద్ద నమోదు చేయించాలి. 2017 నియమావళి ప్రకారం, 20 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రైవేటు సంస్థ తన విధానంలో వికలాంగులకు తగిన ఉద్యోగాలేవి, ఎలా ఎంపిక చేస్తారు, ఏ సౌకర్యాలు, ఏ పరికరాలు కల్పిస్తారు అన్నది రాసి, ఆ వ్యవహారాలు చూసేందుకు ఒక అనుసంధాన అధికారిని కూడా నియమించాలి. మీకు 28 మంది ఉన్నారు కాబట్టి ఇది మీకు వర్తిస్తుంది. అధికారి అనగానే కొత్త జీతం అని కంగారు పడకండి, మీ మేనేజరుకే ఆ బాధ్యత రాసి ఇవ్వవచ్చు. రాయలసీమలో నేను తిరిగిన మధ్యతరహా దుకాణాలలో ఈ కాగితం ఉన్నవాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, చాలామంది ఆడిటర్లు కూడా దీన్ని గుర్తు చేయరు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల వరకు, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంది.

ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా ఉపయోగకరంగా తోచే భావన "సహేతుకమైన సర్దుబాటు". యజమాని మీద మోయలేని భారం పడకుండా, ఆ మనిషి పని చేయడానికి అవసరమైన చిన్న మార్పు చేసిపెట్టడమే దాని అర్థం. అటువంటి మార్పును నిరాకరించడం కూడా వివక్షే అవుతుందని చట్టం స్పష్టంగా చెప్పింది. మార్పు అనగానే యజమానులకు లక్షల ఖర్చు కళ్ల ముందు మెదులుతుంది. నేను దగ్గరుండి చూసిన ఒక మార్పు సంగతి చెబుతాను.

రాయదుర్గం జీన్స్ ప్యాంట్ల కుట్టుపనికి పేరున్న ఊరు. అక్కడ ఒక యూనిట్‌లో కుడికాలు పనిచేయని ఒక అమ్మాయిని దారాలు కత్తిరించే పనిలో కూర్చోబెట్టారు. కుట్టిన ప్యాంటు మీద మిగిలిన దారాల కొసలు కత్తిరించడం ఆ లైనులో అన్నిటికన్నా తక్కువ కూలి వచ్చే పని, ఏ యూనిట్‌కు వెళ్లినా వికలాంగులను తెచ్చి కూర్చోబెట్టేది అక్కడే. ఆమెకు ఇంట్లో మిషను కుట్టడం వచ్చు. కరెంటు మోటారుతో నడిచే జూకీ మిషను మీద ఎందుకు కూర్చోబెట్టలేదని అడిగితే, పెడల్ కుడిపాదంతో నొక్కాలి, పాదాన్ని పైకెత్తే కడ్డీని కుడి మోకాలితో నెట్టాలి, ఆమె రెండూ చేయలేదు అన్నారు. (ఇక్కడ పాదం అంటే సూది కింద గుడ్డను అదిమిపట్టే ఇనుప పాదం.) మెకానిక్ వచ్చి పెడల్‌ను ఎడమవైపుకు జరిపాడు, మోటారుకు వెళ్లే కడ్డీని ఆ మేరకు వంచి బిగించాడు. ఇనుప పాదాన్ని ఎత్తడానికి ప్రతి మిషనుకూ వెనకవైపు ఒక చేతి మీట ఉండనే ఉంటుంది, మోకాలి కడ్డీకి అలవాటుపడి దాన్ని ఎవరూ ముట్టుకోరు. మొత్తం పని మధ్యాహ్నం భోజనం వేళలోపే అయిపోయింది. మొదటి వారం జేబులు కుట్టడంలో ఆమె వెనకబడింది, నెల తిరిగేసరికి లైనులో అందరితో సమానంగా పీసు రేటు తీసుకుంది. ఆ తర్వాత ఆమె నన్ను అడిగిన సహాయం ఒక్కటే: "నేను లేనప్పుడు ఈ మిషను మీద ఇంకెవర్నీ కూర్చోనీకుండా చెప్పండి సార్, పెడల్ మళ్లీ జరిపేస్తారు."

మీ దుకాణానికి వస్తే, ముందు గుమ్మం చూడండి. కర్నూలు బజారులో ఏ అంగడికైనా ముందు మురుగు కాలువ, దానిమీద బండ, ఆపైన రెండు మూడు మెట్లు ఉంటాయి. ర్యాంపుకు ఒకటికి పన్నెండు అన్నది ప్రమాణం, అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు కావాలి. మీ మూడు మెట్లు కలిసి అడుగున్నర ఎత్తు ఉంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. వీధిలోకి నేరుగా అంత పొడవు దింపలేరు కాబట్టి, దుకాణం ముఖం వెంబడి పక్కవాటుగా, అడ్డపట్టీతో కట్టించాలి. కాలువ మీదికి వస్తే నగరపాలక సంస్థను ముందే అడగండి. మూడు అడుగుల పొడవున నిటారుగా ఒక సిమెంటు దిబ్బ పోసి దాన్ని ర్యాంపు అనేవారున్నారు. దానిమీద చక్రాల కుర్చీ ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు నెట్టాలి, దిగేటప్పుడు దేవుడే దిక్కు. ఇంకొక ముఖ్యమైన సంగతి, పరిచే బండకు పాలిష్ పట్టించకండి. కడప బండను అద్దంలా మెరిపించుకోవడం మనకు ముచ్చట, కానీ వానపడ్డ రోజు ఊతకర్ర కొనలోని రబ్బరు దానిమీద నిలవదు. పాలిష్ లేని గరుకు బండ చౌక కూడా.

మీరు పెట్టుకోబోయే అతనికి ర్యాంపే కావాలని మీ అంతట మీరే తీర్మానించవద్దు. ఊతకర్రతో నడిచేవారిలో చాలామందికి ఏటవాలు కన్నా, పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉన్న పొట్టి మెట్లే సుఖంగా ఉంటాయి. ర్యాంపు మీ దుకాణానికి వచ్చే ముసలివారికి, చంటిపిల్లల తల్లులకు, చక్రాల కుర్చీలోని కస్టమర్లకు. ప్రజలు వచ్చిపోయే వాణిజ్య భవనాలు కూడా 2016 చట్టంలోని ప్రజా భవనాల నిర్వచనంలోకి వస్తాయి. అందుబాటు ప్రమాణాలను ఇష్టమైతే పాటించే సలహాలుగా వదిలేయడం కుదరదని, వాటిని తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో చెప్పింది కాబట్టి, ఎలాగూ చేయవలసినదే ముందు చేసుకున్నట్లవుతుంది. అతన్ని మాత్రం పిలిచి, దుకాణమంతా నడిపించి, ఎక్కడ ఏం కావాలో అడిగి రాసుకోండి. గల్లా దగ్గర ఎత్తైన స్టూలు బదులు చేతులున్న కుర్చీ అడగవచ్చు. మరుగుదొడ్డి గురించి అతను మొహమాటపడి అడగకపోవచ్చు, మీరే అడగండి. మూడంతస్తుల దుకాణాలలో అది సాధారణంగా మిద్దె మీద ఉంటుంది. రోజంతా నీళ్లు తాగకుండా పనిచేసి ఇంటికి వెళ్లే వికలాంగ ఉద్యోగులు నాకు ఎందరో తెలుసు. కింది అంతస్తులో ఒకటి కట్టించలేకపోతే, పక్క దుకాణంవారితో మాట్లాడి పెట్టడం మీ బాధ్యత.

చీరల విభాగంలో ఆ అమ్మాయి గురించి మీరు అనుకున్నంత కష్టం ఉండదు. చీరలు అమ్మడంలో సగం పని చేతులదీ కళ్లదీ. ధర క్యాలిక్యులేటరు మీద కొట్టి చూపించడం మీ సేల్స్‌మన్లు ఇప్పటికే చేస్తూ ఉంటారు. మాట్లాడేటప్పుడు ఆమెకు ఎదురుగా, ముఖం కనిపించేలా నిలబడి మామూలు వేగంతో మాట్లాడాలని, అరవడం వల్ల పెదవుల కదలిక ఇంకా చెడుతుందని తోటివారికి చెప్పండి. భారతీయ సంజ్ఞా భాషకు ఢిల్లీలోని జాతీయ సంస్థ 10,000 పదాల వీడియో నిఘంటువును ఉచితంగా అందుబాటులో ఉంచింది. రంగు, సైజు, అంచు, తగ్గింపు, అయిపోయింది, పైకి రా, ఆగు, ప్రమాదం వంటి ముప్పై సంజ్ఞలు అందరూ నేర్చుకుంటే రోజు గడిచిపోతుంది, వాటిని నేర్పే గురువు ఆ అమ్మాయే కావాలి. రద్దీలో ఎప్పుడైనా ఆమెను గల్లాలో కూర్చోబెడితే ఒక చిక్కు వస్తుంది: డబ్బు పడిందని అరిచి చెప్పే ఆ ఫోన్‌పే సౌండ్ బాక్సు ఆమెకు పనికిరాదు. యాప్ ఉన్న ఫోనును వణికే అమరికలో పెట్టి ఆమె ముందుంచండి. అదే పెట్టె చూపులేని చిల్లర వ్యాపారికి కళ్లలాంటిది, నోటును గుర్తించి చెప్పే మణి యాప్‌ను రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో తెచ్చింది కూడా ఆ చూపులేనివారి కోసమే. ఒకరికి దారి చూపే వస్తువు ఇంకొకరికి గోడ అవుతుంది కాబట్టే, ఎవరికి ఏం కావాలన్నది వారినే అడగాలని పదేపదే అంటున్నాను. అగ్నిప్రమాదం గంటకు తోడు మెరిసే దీపం ఒకటి ప్రతి అంతస్తులో పెట్టించడం మరవకండి.

తోటి పనివాళ్ల సంగతి గుమ్మం కన్నా కష్టం. మన భాషలోనే చిన్నచూపు ఇంకిపోయి ఉంది. చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు, గుడ్డి కన్నా మెల్ల నయం అనే మాటలు నోటికి వచ్చేస్తాయి, వాటి వెనక ఎవరున్నారో ఆలోచించం. మనిషి ఎదుటే అతని అవిటితనాన్ని పేరుగా చేసి పిలవడం అంగళ్లలో, లారీ ఆఫీసులలో మామూలు విషయం, పిలిచేవారు దాన్ని చనువు అనుకుంటారు. పదాల చర్చ మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. కేంద్రం దివ్యాంగులు అంటుంది, మన రాష్ట్ర శాఖ విభిన్న ప్రతిభావంతులు అంటుంది, ఊళ్లో వికలాంగులు అంటారు, ఆయా మనుషులలోనే ఎవరి ఇష్టం వారిది. మీ దుకాణంలో మాత్రం ఒకే నియమం పెట్టండి: పేరుతోనే పిలవాలి, పెద్దవాడైతే పేరు పక్కన అన్నా అని చేర్చాలి. వైకల్యం ఉన్న మనిషిని పదిమందిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షను కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు ఉందని మేనేజరుకు తెలిసి ఉండాలి, దాన్ని రోజూ చదివి వినిపించనక్కరలేదు. ఎవరైనా కస్టమరు ఎగతాళి చేస్తే ఆ క్షణంలో యజమాని ఎవరి పక్షాన నిలబడ్డాడో 28 మందీ చూస్తారు, ఆ తర్వాత వారి ప్రవర్తన దాన్ని బట్టే ఉంటుంది.

జీతం విషయంలో రాజీ వద్దు. "పింఛను వస్తుంది కదా, రెండు వేలు తక్కువైనా పరవాలేదు" అనే లెక్క నేను చాలాచోట్ల విన్నాను. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు అయ్యాక ఆ లెక్క ఇంకా పెరిగింది. పింఛను ప్రభుత్వానికీ అతనికీ మధ్య విషయం, మీరిచ్చేది పనికి కూలి. ఇంకోవైపు, ఉద్యోగంలో చేరితే పింఛను పోతుందేమోనని తల్లిదండ్రులు భయపడి పిల్లలను పంపకపోవడమూ నిజమే. చేరకముందే వార్డు సచివాలయంలో వారి కేసు విచారించి, ఏ నిబంధన వర్తిస్తుందో స్పష్టంగా చెప్పి, అప్పుడు నిర్ణయించుకోనివ్వండి. పింఛను కాపాడతానని చెప్పి పేరు రికార్డులలో లేకుండా చేతికి నగదు ఇచ్చే పద్ధతిలోకి దిగకండి, రేపు ప్రమాదం జరిగితే అతనికి ఏ ఆధారమూ ఉండదు. ఈఎస్‌ఐలో మామూలు ఉద్యోగులకు వేతన పరిమితి నెలకు 21,000 కాగా, వైకల్యం ఉన్నవారికి 25,000 అని మీ లెక్కలవారికి గుర్తు చేయండి.

అన్నీ సవ్యంగా జరుగుతాయని నేను హామీ ఇవ్వలేను. కడప దగ్గర మసాలా పొడులు ప్యాకింగు చేసే ఒక చోట, బుద్ధిమాంద్యం ఉన్న ఒక కుర్రవాణ్ని కుదిర్చి నేను ఘోరంగా విఫలమయ్యాను. అతనికి రోజూ ఒకే పని, ఒకే వరుసలో, ఒకే మనిషి చెప్పాలి. ఆ సంగతి సూపర్‌వైజరుకు చెప్పాను గానీ దగ్గరుండి చూడలేదు. ఒకరోజు లేబుళ్లు అతికించమన్నారు, మరునాడు డబ్బాలు మోయమన్నారు, మూడోనాడు ఊడ్చమన్నారు. మూడు వారాలకు వాళ్లమ్మ వచ్చి చేయి పట్టుకుని తీసుకెళ్లిపోయింది. "ఇట్లాంటోళ్లు పనికిరారని ముందే అనుకున్నాం" అన్న మాట ఆ యూనిట్‌లో స్థిరపడిపోయింది, ఆ మాటకు కారణం నేనే. మరుసటి ఏడు అక్కడే ఇంకొక అతన్ని చేర్చినప్పుడు, నెలరోజుల పాటు పక్కన కూర్చుని నేర్పే మనిషిని పెట్టాను, పని మెట్లను బొమ్మలుగా గీసి గోడకు అంటించాను. అతను నిలిచాడు. ఒకరు విఫలమైతే అందరినీ కలిపి తీర్పు చెప్పేయడం ఈ విషయంలో ఉన్న పెద్ద ప్రమాదం. మామూలు సేల్స్‌మన్ ఒకడు పని మానేస్తే మనం సేల్స్‌మన్లందరినీ తప్పుపట్టం కదా. కాబట్టి ఇద్దరిని ఒకేసారి తీసుకోవాలన్న మీ ఆలోచన మంచిది. పని చేతకాకపోతే అందరికీ చెప్పినట్లే చెప్పండి, జాలిపడి ఊరకే కూర్చోబెట్టి జీతం ఇవ్వడం కూడా అవమానమే.

మనుషులు ఎక్కడ దొరుకుతారని మీరు అడగలేదు కానీ, మీ ఇద్దరి తర్వాత మరొకరు కావాలనుకుంటే చెబుతున్నాను. జిల్లాలోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగవచ్చు. అనంతపురం వైపు 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) వినికిడి, చూపు లోపాలున్న పిల్లలకు పాఠశాలలు నడిపింది, పల్లెల్లో వికలాంగుల సంఘాలను ఏర్పరచింది. అక్కడ చదువుకుని సంజ్ఞా భాష బాగా వచ్చిన యువత ఇప్పుడు పనుల కోసం చూస్తున్నారు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టి, చూపు లేదన్న కారణంతో ఇంటర్‌లో సైన్సు చదవనివ్వకపోతే కోర్టుకెక్కి సాధించుకుని, అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించిన శ్రీకాంత్ బొల్లా పేరు మీరు వినే ఉంటారు. ఆయన సాధించినది గొప్పదే. కానీ నా దగ్గరికి వచ్చే యజమానులు ఆయన పేరెత్తి, అంతటివాడు దొరికితే పంపండి అంటే నాకు ఒళ్లు మండుతుంది. మీ 28 మందిలో ఎంఐటీలో చదివినవారు ఎందరు?

ప్రకటనల గురించి ఒక మాట. వీరిద్దరూ చేరగానే ఫ్లెక్సీ వేయించి, లోకల్ కేబుల్ టీవీలో ప్రకటన ఇప్పించాలని మీ మార్కెటింగు కుర్రవాళ్లు అంటారు. చేయకండి. వాళ్లను దానం చేసిన వస్తువుల్లా చూపించడానికీ, వెనక గోదాములో దాచిపెట్టడానికీ పెద్ద తేడా లేదు. మీ మామూలు పండుగ ప్రకటనలో సిబ్బంది అందరి మధ్యన, వారి అనుమతితో వారూ ఉంటే చాలు.

ఇక మీ నాన్నగారి విషయం. ఆయన్ని ఒప్పించాలని కూర్చోకండి. గల్లా లెక్క ఆయనకు మించి మీ దుకాణంలో ఎవరికీ రాదని నా ఊహ. మొదటి రెండు నెలలు ఆ అబ్బాయి పక్కన కూర్చుని లెక్క నేర్పే పని ఆయనకే అప్పగించండి. ఉదయం దుకాణం తెరిచే వేళకే, అందరితోపాటే రమ్మని నియామక పత్రంలో రాయండి, ఆ ఒక్క గంట దగ్గర మాత్రం తగ్గకండి. ఈలోగా మీ గుమ్మం ముందు మెట్ల ఎత్తు, దుకాణం వెడల్పు, కాలువ బండ పొడవు టేపుతో కొలిచి రాయండి. ర్యాంపు ఏ వైపు నుంచి రావాలో, ఎన్ని అడుగులు కావాలో చూసి చెబుతాను.